శనివారం తెరిచే గది

1989 నవంబరు పదమూడవ తేదీన నీటి సరఫరా కార్యాలయపు బిల్లుల విభాగంలో గుమాస్తాగా అడుగుపెట్టి, కార్యదక్షతకూ కలుపుగోలుతనానికీ సమానంగా పేరుగాంచి, ఈ నెలాఖరున సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేయనున్న మా పెద్దక్కగారికి సహోద్యోగులందరి పక్షాన కృతజ్ఞతాపూర్వక అభినందనలు.

మీటర్ల మరమ్మతు విభాగం వేరేచోటికి తరలిపోయి వెనక గది ఖాళీ అయినప్పుడు, పై అధికారుల అనుమతి సంపాదించి, తమ పిల్లలు చదివేసిన పుస్తకాలను రెండు సంచుల్లో మోసుకొచ్చి అక్కడ పేర్చినవారు వారే. అది మొదలు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ గది తలుపు తెరుచుకునేది. ఇరుగుపొరుగువారు పాత పుస్తకాలు తెచ్చి ఇచ్చేవారు. చిరిగినవాటికి పంపు ఆపరేటరుగారు మైదాపిండి జిగురుతో అట్టలు అంటించేవారు. కావలసినవారు ఉచితంగా పట్టుకెళ్లేవారు. ఎవరి పేరూ రాసుకోకూడదన్నది అక్కగారి కట్టుబాటు. “పేరడిగితే మొహమాటపడి మళ్లీ రారు బాబూ!” అనేవారు.

ఆ కట్టుబాటే ఒకసారి కొంప ముంచింది. ఇంజనీరుగారి గదికి సున్నం వేస్తున్నారని అటెండరు వారి సొంత పుస్తకాలు తెచ్చి ఈ గది కిటికీ దగ్గర పెట్టాడు. ఇంకేముంది! సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. ఇంజనీరుగారు అగ్గిమీద గుగ్గిలమై, వచ్చే శనివారంలోగా పుస్తకాలు రాకపోతే గదికి తాళమేనన్నారు. అక్కగారు తలుపుమీద జరిగినది జరిగినట్టు రాసి అంటించి, వారమంతా బిక్కుబిక్కుమంటూ గడిపారు. శనివారం ఒక్కొక్కరే తెచ్చిచ్చారు. చివరగా వచ్చిన బస్సు డ్రైవరు మాత్రం పుస్తకాన్ని గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

“సగమే అయిందండీ. మిగతాది ఇక్కడే కూచుని చదివేసి ఇచ్చేయనా?”

పక్కనే పుస్తకాలు లెక్కపెట్టుకుంటున్న ఇంజనీరుగారు, “ఇంటికెళ్లి చదువుకోవయ్యా. నీ దగ్గరే ఉంచుకో,” అన్నారు. తాళం మాట మళ్లీ ఎత్తలేదు.

పదోన్నతులు ఎన్ని వచ్చినా అక్కగారు ఆ గదిని విడవలేదు. విరమణ దగ్గరపడేసరికి నిద్ర కరువైంది.

“ఉద్యోగం పోతుందని బెంగా?” అని వారి భర్తగారు ఆటపట్టించారట.

“నాకేం, పింఛనొస్తుంది! ఆ గది తలుపెవరు తీస్తారండీ? విరిగిన కుర్చీలు పడేస్తారు, చూస్తూ ఉండండి!”

మొన్న శనివారం ఆసుపత్రి పనిమీద వెళ్లి ఆలస్యమైన అక్కగారు, జనం తిరిగిపోయి ఉంటారని ఆదరాబాదరాగా వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పంపు ఆపరేటరుగారు జిగురు కలుపుతున్నారు. బిల్లుల విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి పుస్తకాలు సర్దుతోంది. గదినిండా మనుషులు.

“నేను రాకుండానే మొదలెట్టేశారా!” అన్నారు అక్కగారు. ఆ గొంతులో కోపమెంతో, సంతోషమెంతో వారికే తెలియాలి.

“టైమైంది కదక్కా, జనం ఆగుతారా? మీరు కూచోండి,” అంది అమ్మాయి.

కళ్లు తుడుచుకుని అక్కగారు కూర్చున్నారు. ఇన్నేళ్లూ ఇతరులకు ఇవ్వడమే తప్ప తమకోసం ఒక్కటీ తీసుకోని ఆ చేతులు, ఆనాడు ఒక లావుపాటి నవలను ఎంచుకుని సంచిలో వేసుకున్నాయి.

దానిని తీరిగ్గా చదువుకునే వెసులుబాటూ, ఆ తరువాత మరెన్నింటినో చదవగల చక్కని చూపూ, సంపూర్ణ ఆరోగ్యమూ, కుటుంబ సౌఖ్యమూ నిండు నూరేళ్లు వారికి తోడుండాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. తలుపు సంగతి మేము చూసుకుంటాం, అక్కా!