ప్రాక్టికల్సుకి పాలేరు

తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊళ్లో, వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన వారంలోనే, ఊరి పెద్ద కామందు జరీ కండువా సర్దుకుంటూ వచ్చి హెడ్మాస్టరు గదిలో కూర్చున్నాడు. ఈయన్ని చూస్తే హెడ్మాస్టరుకి చిరాకు పుడుతుంది. చిరాకు పుట్టినకొద్దీ ఆయనకి మర్యాద ఎక్కువవుతుంది.

"మావాడు ఫోర్తు ఫారంలోకొచ్చాడు కదా మేష్టారూ, ఏం చదవాలంటారు?"

"తెలుగు, ఇంగ్లీషు, సోషలు, సైన్సు అందరికీ తప్పవండి. వాటితోపాటు లెక్కలో, టైపో, వ్యవసాయమో ఏదో ఒకటి ఎంచుకోవాలండి."

"మాకు నూరెకరాల మాగాణి ఉంది. వ్యవసాయమే రాసుకోండి."

"చిత్తం. ప్రాక్టికల్సుకి అబ్బాయి బడి చేలో దిగాలండి. నాట్లెయ్యాలి, కలుపు తియ్యాలి."

"మావాడు బురదలో దిగడమా? మా ఇంటావంటా లేదండి!"

"వ్యవసాయమంటే అదేనండి మరి."

"దానికేముందండీ, మా పాలేరు బాలస్వామిని పంపుతాను. మార్కులు మావాడికెయ్యండి."

హెడ్మాస్టరు నవ్వాపుకోడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి ఇంగ్లీషుకి ఎవర్ని పంపుతారండీ?"

"వేళాకోళమా? సరే, లెక్కలే ఇవ్వండి."

"కిందటేడు లెక్కల్లో మీవాడికి సున్నా అండి. క్లాసుకి ఫస్టొచ్చింది బాలస్వామి కొడుకు విశ్వాసం. వాడు లెక్కలే తీసుకున్నాడండి."

"మా పాలేరు కొడుకా! ఇంకేం మరి! మావాడి బదులు ఆ క్లాసులో వాణ్ణే కూర్చోబెట్టండి."

"ముందు బెంచీలోనే కూర్చున్నాడండీ," అన్నాడు హెడ్మాస్టరు మరింత వినయంగా. "కాకపోతే, ఎవరి బదులూ కాదండి."