తెర మీద లేని తెప్ప

అదేంటండీ సురేష్‌బాబుగారూ, అంత తేలిగ్గా అనేశారు? సముద్రంలో ఇంకెవరూ లేరని మీ కంట్రోల్ రూమ్ స్క్రీను చెబితే సరిపోయిందా? మా నాన్న పోతురాజు తెల్లారకుండా తెప్పేసుకుని వేటకెళ్లాడు. మధ్యాహ్నం మూడైంది. ఆ గాలి చూడండి, కిటికీ రెక్క ఎలా కొట్టుకుంటోందో!

కూర్చోనండీ. కూర్చుని ఏం చెయ్యను?

ఏ వైపు వెళ్లాడంటే ఏం చెప్పమంటారు? బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగరండి మా ఇళ్లల్లో. పొద్దున నోటిదాకా వచ్చింది. మింగేశాను.

డ్రోను రెండుసార్లు తిరిగొచ్చిందా? పెద్ద బోట్లన్నీ దొరికాయా? సంతోషం. ఆ డ్రోనుకి తెప్ప కనబడదండి. నాకెలా తెలుసా?

పాలకొల్లులో ఒక కంప్యూటర్ ఆఫీసుందండి. పోయినేడాదంతా అక్కడే చేశాను. సముద్రం ఫోటోలొస్తాయి. బోటు కనబడిన చోటల్లా చుట్టూ గీత గియ్యాలి. అలా వేలకి వేలు గీసిస్తే, మిషను వాటిని చూసి బోటంటే ఏంటో నేర్చుకుంటుంది. గీత లేనిదంతా దానికి నీళ్లే. మీ గోడ మీది స్క్రీనులో నడుస్తున్నది ఆ మిషనేనండి. పేరు చూడగానే గుర్తుపట్టాను.

మొదట్లో నేను తెప్పలకీ గీశాను. మా టీమ్ లీడరు కిరణ్ కుమార్‌గారు పిలిచి, "నంబరున్న బోట్లే అడిగారు వీరవేణీ. చట్టప్రకారం మన బాధ్యత అంతవరకే. ఇవన్నీ తప్పుల కింద పడతాయి" అన్నారు. మా తెప్పకి నంబరెక్కడుందండీ? "దాని మీదా మనిషుంటాడు కదా సార్" అన్నాను. రూల్లో లేదన్నారు.

పోట్లాడానా? ఏం పోట్లాడతానండీ, నా మొహం! చెరిపేశాను. నెల తిరక్కుండా పర్మనెంట్ చేశారు. ఇంటికి స్వీట్లు కూడా పట్టుకెళ్లాను.

అందులో ఒక ఫోటో... తెరచాపకి నీలం పట్టా అతుకు. ఆ అతుకు నేనే కుట్టానండి. తెప్ప మీద మనిషి తల పైకెత్తి చెయ్యూపుతున్నాడు. డ్రోనుని చూసి సరదా పడ్డట్టున్నాడు మా నాన్న.

అదీ చెరిపేశాను.

పోనీ, ఇందాక తీసిన వీడియో నాకు పెట్టండి. మిషను వద్దు, నా కళ్లతో నేను వెతుక్కుంటాను. ఏంటీ? బోటు లేదనుకున్న వీడియో దాచదా? అదే తీసేస్తుందా?

ఇంకోసారి పంపండి మరి. ఈ గాలికి ఎగరదా?

సరే లెండి. కూర్చుంటాను.

రెండుసార్లు పైనుంచి వెళ్లిందన్నారుగా. రెండుసార్లూ చెయ్యూపే ఉంటాడండి.