అందరికీ చెప్పే మాట

కొత్త టీమ్ లీడర్ ఎవరో మధ్యాహ్నం మీటింగులో చెబుతారు. ఈలోగా ఆ పదవికి పోటీలో ఉన్న ఇద్దరు, పక్కపక్క సీట్లలోని సీనియరూ కొత్త కుర్రాడూ, మాట్లాడుకుంటున్నారు.

“అక్కా, నా ప్రోగ్రాం మెమరీ అంతా మింగేసి మళ్ళీ పడిపోయింది.”

“మేనేజరు నిన్ను ఆకాశానికెత్తేస్తున్నాడుగా, ఆయన్నే అడుగు.”

“ఆయనకేం తెలుసక్కా? గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. వాడేసిన మెమరీని అదే ఊడ్చేసుకోవాలి కదా.”

“తనదైతే ఊడ్చుకుంటుంది. నువ్వు అందులో వాడుతున్న నా కోడ్ సీ భాషలో ఉంది. అది తీసుకున్న మెమరీ జోలికి గో రాదు.”

“మరెవరు వదిలించాలి?”

“వాడుకున్నవాళ్ళే. పని కాగానే ఫ్రీ అని ఒక లైను రాయాలి.”

“ఈ ముక్క మీ కోడ్‌లో ఎక్కడా రాసి లేదే?”

“కొత్తగా చేరినవాళ్ళందరికీ మొదటిరోజే నోటితో చెబుతాను.”

“నాకు చెప్పలేదు.”

“నీకు అన్నీ వచ్చని అందరూ అన్నారుగా.”

అతను కీబోర్డు ముందుకు లాక్కుని ఆ లైను రాసి, ప్రోగ్రాం మళ్ళీ నడిపాడు.

“పెట్టానక్కా. ఇక మెమరీ పెరగట్లేదు. మీటింగులో మీరే చెప్పారని చెబుతాను.”

“వద్దు.”

“ఏం?”

“ఎంత మంచివాడో అని నిన్నే మెచ్చుకుంటారు.”