గేటు కెమెరా ఫైలు

మధ్యాహ్నం గోడౌన్‌లో కెమెరాలు చూసే అమ్మాయి గేటు వాచ్‌మన్‌ను తన గదికి పిలిపించింది.

“బాబాయ్, నిన్న ఈ వేళకి కునుకు తీశారా? మేనేజర్‌కి రిపోర్టు రాయాలి.”

“రెప్ప వాల్చలేదమ్మా. వీడియో అంతా చూశావా ఏంటి?”

“చూడక్కర్లేదు. ఫైలు రోజూ ఉండేదాంట్లో పావు వంతు కూడా లేదు.”

“ఫైలుకీ నా కునుక్కీ ఏం సంబంధం?”

“ప్రతి బొమ్మా పూర్తిగా దాస్తే డిస్కు రెండ్రోజుల్లో నిండిపోతుంది. అందుకని కెమెరా ముందు బొమ్మతో పోల్చుకుని, మారినంత మేరకే దాస్తుంది. లారీలు రాని ఈ మధ్యాహ్నం పూట మీరు తిరిగితేనే ఫైలు పెరిగేది.”

వాచ్‌మన్ చెవి వెనక గోక్కుంటూ గది మూలనున్న కెమెరా వంక చూశాడు.

“ఇదీ అంతేనా?”

“అన్నీ అంతే.”

“అయితే దీని నిన్న మధ్యాహ్నం ఫైలు ఎంతుందో చూడమ్మా.”

అమ్మాయి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

“నిలబడే ఉన్నారేంటి బాబాయ్, కూర్చోండి. టీ తాగుతారా?”