లెక్కకు రాని లారీలు

కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలున్నాయి. ఈ హాకీ హాల్లో ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మన ఒడెట్ లషపెల్ ఇక లేదు. ఆ మాట నా నోటితో చెప్పాల్సి రావడమే ఒళ్లు మండిస్తోంది.

నేను రెనాల్ టూగాస్‌ని, మన ఊరి అగ్నిమాపక దళం పెద్దని. గురువారం కారు రేకు కోసి ఆవిణ్ణి బయటికి తీసింది నేనే. కాబట్టి ఇవాళ మెత్తగా మాట్లాడమని నన్నెవరూ అడగకండి.

కెనడా ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లే లారీలు మన ఊరి మీదుగానే పోతాయి. పోవడానికో వరస, రావడానికో వరస, మధ్యలో ఒక పసుపు గీత. ప్రమాదం జరిగి రోడ్డు మూసినప్పుడల్లా డ్రైవర్లు ఈ హాల్లోకి వచ్చిపడతారు. ఇరవై రెండేళ్లు వాళ్లకు బఠాణీ సూపు కాచిపోసింది ఒడెట్. ఊరికే పోసిందా? గరిటె ఎత్తి పట్టుకుని, "తిని పడుకో నాయనా. నిద్రమొహంతో బండెక్కావో, ఈసారి సూపు నీ నెత్తినే పోస్తా" అనేది. ఆరడుగుల మనుషులు చంటిపిల్లల్లా తలలూపేవాళ్లు. పేపర్లో మన ఫోటోలు వేశారు. మంచి ఊరన్నారు. మనం పొంగిపోయాం. ఆవిడ ఒక్కతే ఆ పేపరు తీసి పొయ్యిలో పెట్టింది. "ఒరేయ్ రెనాల్, సూపు బాగుందంటున్నారు గానీ, ఇంతమందికి ఎందుకు కాయాల్సొస్తోందని ఒక్కడూ అడగడేంరా?" అంది.

ఆవిడ అడిగిందేమిటి? బంగారు రోడ్డు వేయమందా? లూన్ సరస్సు మలుపు దగ్గర ముందు బండిని దాటడానికి మూడో వరస. మధ్య గీత మీద, చక్రం ఎక్కితే గడగడమని నిద్ర లేపే గాట్లు. అంతే. అంతేనా, కాదా?

బండ్లు లెక్కపెట్టి చూస్తామన్నారు రోడ్డు అధికారులు. ఫిబ్రవరిలో వారం పాటు రోడ్డుకు అడ్డంగా, చక్రం ఎక్కినప్పుడల్లా ఒక బండి లెక్కపడే రబ్బరు గొట్టం పరిచారు. ఆ వారంలో నాలుగు రోజులు రోడ్డు మూసే ఉంది! ఎందుకు మూశారు? ఆ మలుపులోనే రెండు లారీలు గుద్దుకుని! బండ్లన్నీ ఈ హాలు బయట బారులు తీరి ఉన్నాయి. అక్కడ గొట్టం మీద మంచు తప్ప ఏమీ పడలేదు. "రద్దీ చాలదు, మూడో వరస అవసరం లేదు" అని ఉత్తరం వచ్చింది. సిగ్గుండాలి కదా? మళ్లీ రోడ్డు మూసిన రోజున, హాల్లో ఉన్న నూట పన్నెండు మంది డ్రైవర్లతో ఆ ఉత్తరం వెనకే సంతకాలు పెట్టించింది ఒడెట్. "మీ గొట్టానికి కనపడనివాళ్లు వీళ్లు" అని రాసి తిప్పి పంపింది. జవాబు రాలేదు. "ఇంక వదిలెయ్ అక్కా" అన్నాను నేను. నేనే అన్నాను.

గురువారం మంచు తుఫాను వస్తుందని, సూపుకు బఠాణీలు తేవడానికి బయల్దేరింది. పట్టపగలు. అదే మలుపు. ముందు బండిని దాటబోయిన లారీ ఒకటి ఆవిడ వరసలోకి ఎదురొచ్చి గుద్దేసింది. రోడ్డు తొమ్మిది గంటలు మూశారు. డ్రైవర్లు ఎప్పటిలాగే ఇక్కడికొచ్చారు. వంటింటికి తాళం. తాళంచెవి ఆవిడ కోటు జేబులో ఉంది. ఆకలితో ఆ గుమ్మం ముందు నిలబడి, ఒడెట్ ఏదని అడిగారు.

రెండో వరసలో కూర్చున్న రోడ్డు అధికారి గారూ, పూలు తెచ్చారు, సంతోషం. వాటిని పక్కన పెట్టండి. ఈ గోడకీ రోడ్డుకీ మధ్య ముప్పై అడుగులే. ఇవాళ రోడ్డు తెరిచే ఉంది.

అందరూ లేవండి. టోపీలు తీయండి. రెండు నిమిషాలు ఎవరూ దగ్గొద్దు, ఏడవొద్దు. బయట పోయే ప్రతి లారీ చప్పుడూ వినపడాలి.

సార్, మీరు లెక్కపెట్టండి.