డాక్టరుకూ నాకూ నడుమ

నవ్వాకు బాషా! రోడ్డు చూసి తోలు. ఒకరి ప్రాణం పోతాంటే నీకు ఇకఇకలా?

మరి కాదా? ఈ అలుపుకు ఆరు నెలల్లో నలుగురు డాక్టర్లు. మొదటాయన కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువని ఇనుము మాత్రలిచ్చినాడు. రెండో ఆయమ్మ గొంతు పిసికి థైరాయిడన్నాది. పరీక్ష చేస్తే అంచులో ఉండాదంట. అంచేంది, అదేమన్నా చీరా? మూడో ఆయన మనసు బాగలేదన్నాడు. నా మనసు ఆయన చేతికెప్పుడు చిక్కిందో!

ఈపొద్దు ఈ లాహోరు డాక్టరు ఇంకా ఘనుడు. ఇవన్నీ ఒక్క మాదిరే అలుపు తెస్తాయంట. ఒక్కొక్కటీ కాదు కాదని తీసేసినాక ఏమీ మిగలకపోతే, ఏ పరీక్షకూ దొరకని అలుపు జబ్బు అని రాస్తాడంట. ఆయన ఉర్దూ నాకు విప్పి చెప్పింది నువ్వే కదా!

ఆ కాగితం చూస్తే మన మేడమ్ ఏమంటాది? "పరీక్షలో లేకపోతే సోమరితనమే. యల్లా, నడు, ఊరికి టికెట్" అంటాది. జబ్బేందో తేల్చుకోనీకి శుక్రవారం దాకా గడువిచ్చింది. పోయిన బక్రీదుకు దోహాలో దిగినా, ఏడాది కూడా నిండలేదు. ఇస్త్రీ బట్టలు మేడ మీదికి మోసినానంటే రెండు దినాలు లేయలేను. అది సోమరితనమా?

డాక్టరు తప్పేమీ లేదులే. తప్పు నాది. కొంచెం నీది కూడా.

ఎట్లంటావా? నడుమ దుబాసీగా కూచునేది నువ్వే కదా! గోడ మీది క్యాలెండరు చూస్తా, "నెలసరి ఎన్ని దినాలు?" అని అడిగితివి. మూడంటిని.

పది, బాషా. పది. ఇంక ఆ ఇనుము మాత్రలు యాడ నిలుస్తాయి?

"ఏడుపొస్తాందా?" అంటివి. ఛీ అని నవ్వితిని. స్నానాల గదిలో కొళాయి తిప్పి మరీ ఏడుస్తాండా. నిద్ర సంగతి అడిగితే, రాయి మాదిరి పడుకుంటానంటిని. రెప్ప పడితే ఒట్టు!

నీ ముందర ఎట్ల చెప్పేది? వంటచేసే ఆంజనమ్మక్క కాడి నుంచి ఇంట్లో అందరూ నిన్ను అన్నా అంటారు. ఈ శివకుమారి ఒక్కసారన్నా అట్ల పిలిచిందా?

అద్దంలో నుంచి అట్ల చూడాకు! సిగ్నల్ పచ్చగయింది. వెనకోడు హారన్ కొడతాండాడు.

బండి తిప్పు. మధ్యాహ్నం నమాజుకు బాంగు ఇంకా కాలేదు, డాక్టరు ఉంటాడు. అంతా చెప్పు. పది దినాలు, కొళాయి, నిద్ర లేనిది, అంతా. చెప్పేటప్పుడు ఆయన మొగం చూసి చెప్పు, నా మొగం కాదు.

నిద్ర ఎందుకు పట్టదని అడుగుతాడు. దానికి మాత్రం తెలీదని చెప్పు.

నీకు నిజంగానే తెలీదు కదా.