ఎవరి టైర్లు వాళ్ళవి

టైర్ల షాపు ముందు బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర ఇప్పుడే మెకానిక్‌తో మాట్లాడి వచ్చిన అతను. విడిపోయాక కూడా ఇద్దరూ వంతులేసుకుని వాడుకుంటున్న కారు లోపల జాకీ మీద ఉంది.

"ఏమంటాడు?"

"ఇది నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి కదా. వెనకవి వెడల్పు, ముందువి సన్నం. అయినా చుట్టుకొలత మాత్రం ఒక్కటే ఉండాలట. నావి కొత్తవి, నీవి అరిగిపోయాయి."

"వెనకవి నీవి, ముందువి నావి అని పంచింది నువ్వేగా?"

"నువ్వూ సరేనన్నావుగా."

"అన్నాన్లే. మరి బండి నడుస్తుంటే వస్తున్న ఆ మూలుగు ఎక్కణ్ణుంచి?"

"మధ్యలో ఉన్న గేర్‌బాక్స్‌ది. ముందు చక్రాలు ఒకలా, వెనకవి ఒకలా తిరుగుతుంటే, ఆ తేడా అంతా అదే సర్దుకుంటూ వచ్చిందట. లోపల్లోపలే అరిగిపోయింది."

"మనకి తెలియనే లేదు."

"బండి బాగానే నడిచిందిగా."

"మన పాప కూడా బాగానే ఉందనుకుంటున్నాం."

"ఇప్పుడు దాని ఊసెందుకు?"

"ప్రతి శనివారం దాన్ని తీసుకెళ్ళడానికొచ్చి నువ్వు గేటు బయట హారన్ కొడతావు. నేను గుమ్మం దాటను. అది బ్యాగు తగిలించుకుని నాకేసి ఓసారి, నీకేసి ఓసారి చూస్తుంది. ఎవర్ని చూసి నవ్వితే ఎవరికి కోపమొస్తుందోనని అసలు నవ్వడమే మానేసింది."

అతను లేచి జాకీ మీది బండి వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"నాలుగూ ఒకేసారి మార్పించేద్దాం."

"సరే. మరి శనివారం?"

"హారన్ కొట్టను. లోపలికొస్తాను."

"అయితే చెప్పులు విప్పి రా. గుమ్మంలో నిలబడి పోతానంటే ఊరుకోను."